హిండన్ నుంచి పాలం దాకా

మొదట చప్పుడు వినిపించింది. విమానం కనిపించలేదు. కార్తికంలో ఢిల్లీ కప్పుకునే బూడిదరంగు పొగలో, ఎక్కడో, ఎంత ఎత్తునో తెలియని చోట, ఒక రొద సన్నగా మొదలై, బరువెక్కి, ఢిల్లీ శివారులోని హిండన్ విమానాశ్రయం ముందు నిలబడిన క్రాంతి రొమ్ములోకి దిగి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ పొగలోనే కలిసిపోయింది. నాందేడ్ విమానం అదేనని గేటు దగ్గరి జవాను చెప్పాడు. అందులో గంగామణి ఉంది. బోధన్‌లో ఆశా కార్యకర్తగా ఇల్లిల్లూ తిరిగే గంగామణి, జన్మలో మొదటిసారి విమానం ఎక్కిన గంగామణి, ఢిల్లీలో కొడుకుకు సీరియస్‌గా ఉందని నమ్మి రెండు గంటలు ఆకాశంలో కూర్చున్న గంగామణి. ఆ కొడుకు మొన్న సాయంత్రమే పోయాడని నేల మీద అందరికీ తెలుసు. వాళ్ల వీధికి తెలుసు, పాలు పోసే మనిషికి తెలుసు, ఆమెను నాందేడ్ దాకా కారులో తీసుకొచ్చి విమానం ఎక్కించి వెనక్కి తిరిగిన తమ్ముడు లింబాద్రికి తెలుసు. ఆమెకు మాత్రం తెలియదు. చెప్పవలసినవాడు, కొడుకు స్నేహితుడు క్రాంతి.

చనిపోయాడని ఫోనులో చెప్పరు. అది ఎవరూ రాసిపెట్టని నియమం. క్రాంతి ఊరు చీరాలలోనూ అంతే, బోధన్‌లోనూ అంతే. సీరియస్‌గా ఉంది, బయల్దేరండి అంటారు. ఆ ఒక్క మాట మీద మనుషులు బస్సులెక్కుతారు, రైళ్లెక్కుతారు, సగం దారిలో అర్థమైనా అర్థం కానట్టు కిటికీలోంచి చూస్తూ వస్తారు, గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూసి కూలబడతారు. మొన్న రాత్రి లింబాద్రి కూడా అదే అన్నాడు. "గిప్పుడే చెప్పకు తమ్మీ. సీరియస్ అందాం. అక్క తట్టుకోదు." అంతలోనే ఫోను చేతులు మారింది. అవతల గంగామణి గొంతు, తొణకని గొంతు, రోజూ నాడి చూసే మనిషి గొంతు: "బిడ్డా, మాట్లాడుతుండా?" క్రాంతి అప్పుడు ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాడు. ఒక చేతిలో మిత్రుడి బూట్లు, ఒక చేతిలో ఫోను. లేదమ్మా అంటే చాలు. ఆ ఒక్క మాట చాలు. కాని నోరు వేరే మాట వెతుక్కుంది. "నిద్రపోతున్నాడు పెద్దమ్మా," అన్నాడు. మేనమామది లోకమంతా చెప్పే అబద్ధం. క్రాంతిది అతను సొంతంగా అల్లిన అబద్ధం. ఆమె అవతల ఊపిరి వదిలింది. "పండుకోనియ్యి. లేపకు," అంది.

నాందేడ్ విమానం రోజూ లేదు. దొరికిన టిక్కెట్టు ఇవాళ్టిది. ఆసుపత్రి కాగితాలు, పోలీసు కాగితాలు, శవపరీక్ష, ఇవన్నీ తేలడానికి ఇంకా రెండు రోజులు పడుతుందని అందరూ అన్నారు. కన్నతల్లి వచ్చి చూసుకోవాలని లింబాద్రి పట్టుబట్టాడు. తాను వెంట రాలేనన్నాడు. "పక్కపొంటి కూసోని రెండు గంటలు నా మొఖం ఏడ దాస్కోవాలె తమ్మీ?" అన్నాడు. తీరా ఆమె విమానంలో కూర్చుని ఫోను కట్టేశాక, ఇక్కడ కాగితాలన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఆఫీసు నుంచి ఇంద్రాణి మేడం మెసేజి: సాయంత్రం నాలుగుంబావు హైదరాబాద్ విమానంలో చోటు దొరికింది, తల్లికీ నీకూ అందులోనే టిక్కెట్లు, ఆమెను అటునుంచి అటే పాలం ఎయిర్‌పోర్టుకు తీసుకురా. కొడుకు కోసం ఢిల్లీ బయల్దేరిన తల్లి ఆకాశంలో ఉండగానే, కొడుకు ఢిల్లీ విడిచే ఏర్పాటు పూర్తయింది. ఇక ఆమె చూడబోయే ఢిల్లీ అంటే ఒక విమానాశ్రయం గేటు నుంచి మరొక విమానాశ్రయం గేటు దాకా. ఫోను లెక్కకట్టి చూపించింది: నలభై నాలుగు కిలోమీటర్లు, గంటా ముప్పై రెండు నిమిషాలు. ఆ గంటా ముప్పై రెండు నిమిషాల్లో ఎక్కడో ఒక చోట ఒక వాక్యం చెప్పాలి.

ఆమె బయటికి వచ్చింది. ఫొటోలో కంటే పొట్టిగా ఉంది. నీలం అంచు చీర, భుజానికి ఆశా కార్యకర్తల సంచి, చేతిలో చిన్న గుడ్డబ్యాగు. ఏడ్చిన ముఖం కాదు. పనిమీద వచ్చిన ముఖం.

"నువ్వేనా క్రాంతివి? ఫోన్ల గొంతు విని పెద్దోడివనుకున్న. గింత సన్నగున్నవేంది, తింటున్నవా లేదా?"

"బాగానే తింటున్నాను పెద్దమ్మా. ప్రయాణం ఎలా జరిగింది?"

"ఏం ప్రయాణమో. బెల్టు పెట్టుకోరాక పక్కాయనతోని పెట్టిచ్చుకున్న. పా, ముందుగాల దవాఖానకు పోదాం పా."

డ్రైవరుకు క్రాంతి ముందే చెప్పి ఉంచాడు. భయ్యా, ఆమె ముందు ఎయిర్‌పోర్టు అనొద్దు. ఫోనులో దారి చెప్పే గొంతు కట్టెయ్యి. డ్రైవరు ఎందుకని అడగలేదు. అద్దంలోంచి ఒకసారి ఆమెను చూసి, ఠీక్ హై అని, గొంతు తగ్గించాడు. కారు కదిలింది. భోపురా దాటింది. దుమ్ము, ఇటుక లారీలు, రోడ్డు మధ్యన మెట్రో స్తంభాలు. ఇప్పుడు చెప్పాలి, అనుకున్నాడు క్రాంతి. ఆ స్తంభం దాటాక. ఈ లారీ తప్పుకున్నాక. ఆమె మంచినీళ్లు తాగి సీసా మూత పెట్టాక. ఆమె మూత పెట్టింది, సీసా సంచిలో సర్దింది, అతని వైపు తిరిగి అడగడం మొదలుపెట్టింది.

"ఐసీయూల ఉన్నడా, వార్డుకు తెచ్చిండ్రా?"

"ఐసీయూ."

"బీపీ ఎంతున్నది పొద్దుగాల?"

"చెప్పలేదు పెద్దమ్మా."

"అడగాలె బిడ్డా. అడిగితేనే చెప్తరు. ఆక్సిజనేనా, మిషిన్ పెట్టిండ్రా?"

"మిషన్."

ఆమె తల పంకించింది. ఒక్కో జవాబునూ మనసులో ఎక్కడో రాసుకుంటున్నట్టు పంకించింది. అడగడం ఆమె వృత్తి; అబద్ధం చెప్పేవాళ్లను పద్దెనిమిదేళ్లుగా చూసి ఉంటుంది, మందు వేసుకున్నామని, బిడ్డకు పాలు పడుతున్నామని. "మా ఇంట్ల రక్తం అందరికీ ఓ పాజిటివే," అంది మళ్లీ. "వానిది గూడ. అందుకే పొద్దుగాల్లనే మంచిగ తిన్న, మూడు ఇడ్లీలు బలవంతంగ తిన్న. ఖాళీ కడుపుతోని పోతే రక్తం తీస్కోరు." క్రాంతి కిటికీ వైపు తిరిగాడు. లోకంలో ఇంత దుఃఖం ఉందని తెలుసు గాని, అది మూడు ఇడ్లీల రూపంలో పక్కన వచ్చి కూర్చుంటుందని తెలియదు. గోకుల్‌పురి. ఫోనులో నిమిషాలు తగ్గలేదు. డెబ్బై తొమ్మిది ఉన్నవి ఎనభై నాలుగయ్యాయి.

నిమిషాలతోనే అతని బతుకు. అతనిదీ, ఆమె కొడుకుదీ. గురుగ్రామ్‌లో ఒక సరుకుల కంపెనీలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, పార్సిలు ఎప్పుడు చేరుతుందో జనానికి చెప్పే లెక్కలు ఇద్దరూ కలిసి కట్టేవారు. ఆలస్యం ఒక్కసారిగా చెప్పకూడదన్నది ఆ విభాగంలో మొదటి పాఠం. నలభై నిమిషాలు అంటే మనిషి కోప్పడతాడు. పది నిమిషాలని చెప్పి, అవి కాగానే ఇంకో ఎనిమిదని, ఆపైన ఇంకో ఆరని చెబుతూ పోతే, అదే మనిషి అదే నలభై నిమిషాలు గుమ్మంలో నిలబడతాడు. "మామా, మనం చెప్పేది అబద్ధమే," అనేవాడు వాడు, కుర్చీ వెనక్కి వాల్చి. "గని మర్యాదున్న అబద్ధం." నవ్వేవాడు. తన లెక్క తప్పితే కూడా నవ్వేవాడు. మామా అంటే మామా. ఐదేళ్లలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నది లేదు; వసంత్ కుంజ్ గదిలో మామా, ఆఫీసు మెట్ల మీద మామా, కరోల్ బాగ్‌లో చలికోటు బేరమాడుతూ మామా. మొన్న సాయంత్రం నుంచి చాలామంది వాడిని చాలా మాటలతో పిలిచారు. పేషెంట్ అన్నారు, కేసు అన్నారు, బాడీ అన్నారు, నిన్న ఒక కార్గో గుమాస్తా ఎన్ని కిలోలని అడిగాడు. ఎవరి మాటనూ క్రాంతి దిద్దలేదు.

యమున వచ్చింది. తెల్లని నురగ, దాని మీద పొగ, పొగలో రెండు పడవలు. వంతెన మీద కారు నెమ్మదించింది. ఈ వంతెన వాడి మాటల్లో ఎన్నిసార్లు దాటారో. నాందేడ్ నుంచి హిండన్‌కు విమానం ఉందని తెలిసిన రోజు వాడు కుర్చీలో నిలవలేదు. బోధన్ నుంచి నాందేడ్ ఎనభై కిలోమీటర్లు మామా, మా అమ్మ పొద్దుగాల ఇంట్ల చాయ తాగి, పగటీలి మన రూముల అన్నం తింటది. హిండన్‌ల దించుకుంట, యమున మీదికెల్లి తీస్కొస్త, ఎర్రకోట ఎనుకకెల్లి తిప్పుత, అశోకా రోడ్డుల ఆంధ్రా భోజనం పెట్టిస్త, కారం తక్కువుందని తిడ్తది చూడు. ఆ దారి మొత్తం వాడు ఫోనులో గీసి దాచుకున్నాడు. అదే దారి ఇప్పుడు చక్రాల కింద నడుస్తున్నది. అదే అమ్మ, అదే వంతెన. ఎర్రకోట వెనుక గోడ పొగలోంచి కాసేపు కనబడి, ఎవరూ చూపించకపోవడంతో వెళ్లిపోయింది. గంగామణి కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, దేవుడి పేరో, మందుల పేర్లో.

ఇప్పుడు చెప్పు. రాజ్‌ఘాట్ దాటకముందే చెప్పు. ఎలా మొదలుపెట్టాలి? పెద్దమ్మా, మొన్న సాయంత్రం షటిల్ ఆడుతున్నాం. అక్కడినుంచా? పందొమ్మిది పదిహేడు, వాడిదే పైచేయి. కోర్టు చెక్కనేల మీద బూట్లు కీచుమంటున్నాయి. వాడు పైకెగిరి కొట్టి, దిగి, రెండడుగులు వేసి, మోకాళ్ల మీద కూర్చుని, వెల్లకిలా పడుకున్నాడు. క్రాంతి నవ్వాడు. వాడు ఓడిపోయేటప్పుడల్లా అలా పడుకుంటాడు కనుక, లే మామా, నాటకాలొద్దు, గెలుస్తూ కూడా నాటకమా, అని నవ్వుతూ నెట్ కింద వంగి, బూటు తాడు ఊడితే కట్టుకుని, సీసాలో నీళ్లు తాగి, అప్పుడు, అప్పుడు కదా దగ్గరకు వెళ్లాడు. ఎంతసేపు? లక్షల పార్సిళ్ల నిమిషాలు లెక్కగట్టినవాడు ఆ ఒక్క నవ్వు ఎన్ని సెకన్లో లెక్కగట్టలేకపోతున్నాడు. నలభయ్యా? తొంభయ్యా? డాక్టరు, తేడా ఏమీ ఉండేది కాదు బేటా, అన్నాడు. డాక్టర్లు అందరికీ అలాగే చెబుతారని ఆ డాక్టరు ముఖమే చెప్పింది. ఈమె అడుగుతుంది. తప్పక అడుగుతుంది. పడ్డప్పుడు నువ్వు ఏం చేసినవ్ బిడ్డా? ఆ ప్రశ్నకే తాను జడుస్తున్నాడని, చావు వార్త కంటే ఆ ప్రశ్నే తనను ఆపుతున్నదని, సరాయ్ కాలే ఖాన్ దగ్గర కారు ఆగినప్పుడు క్రాంతికి తెలిసింది. తెలిసి సిగ్గేసింది.

ఫోను మోగింది. ఇంద్రాణి మేడం. గంగామణి కళ్లు తెరిచింది.

"క్రాంతీ, పేపర్స్ అన్నీ వచ్చేశాయి. రెండింటికల్లా కార్గో దగ్గరుండాలి. ఆవిడకి చెప్పావా?"

"ఇంకా లేదు మేడం."

"ఎయిర్‌పోర్ట్‌లో తెలిస్తే చాలా కష్టమవుతుంది రా. ప్లీజ్." గొంతు మార్చి అంది: "నా వల్ల కాదనే నిన్ను పంపించాను. సారీ."

"ఎవరు, డాక్టరమ్మనా?" అని అడిగింది గంగామణి.

"ఆఫీసు మేడం."

"మంచిగ చూస్కుంటున్నరా మిమ్ముల?"

"ఆ, బాగానే పెద్దమ్మా."

ఆశ్రమ్ చౌక్, లాజ్‌పత్ నగర్, సౌత్ ఎక్స్. పేర్లు వెనక్కి పోతున్నాయి, మాట ముందుకు రావడం లేదు. దూరం తగ్గుతోంది, కాలం తగ్గడం లేదు. కాలం తగ్గుతోంది, దూరం తగ్గడం లేదు. ఏది ఏదో తెలియడం లేదు. ఆమె ఇటు తిరిగి అతని చెయ్యి పట్టుకుంది. మణికట్టు పట్టుకుంది, అలవాటు కొద్దీ నాడి మీదే వేలు పడింది. "చెయ్యి చల్లగయింది బిడ్డా, రెండు దినాలు నిద్ర లేదా నీకు? నువ్వు పండుకో ఇయ్యాల. వానికాడ నేను కూసుంట." ఆ వేలి కింద తన రక్తం కొట్టుకుంటున్నదని, ఆ వేలికి అది తెలుస్తున్నదని, ఇంతకంటే అన్యాయం ఉండదని అతనికి అనిపించింది. నాది కొట్టుకుంటోంది పెద్దమ్మా. నాదే కొట్టుకుంటోంది.

అప్పుడు ఎడమవైపు పెద్ద బోర్డు కనిపించింది. ఆమె కూడబలుక్కుని చదివింది. ఎయిమ్స్. ఆశా శిక్షణల్లో ఎన్నోసార్లు విన్న పేరు. ఆమె చెయ్యి వదిలి, జుట్టు సవరించుకుని, చీర చెంగు నడుముకు బిగించి, గుడ్డబ్యాగు ఒళ్లోకి తీసుకుంది. "గీడనా ఉన్నడు? పెద్ద దవాఖానల్నే ఏసిండ్రు. మంచిపని చేసినవ్ బిడ్డా." తలుపు పిడి మీద చెయ్యి వేసింది. గేటు ముందు జనం, స్ట్రెచర్లు, కాలిబాట మీద దుప్పట్లు పరుచుకున్న రోగుల బంధువులు, వాళ్ల మధ్య తానూ ఒకతె కాబోతున్నదని సిద్ధమైన ఆ ముఖం. కారు ఆగలేదు. వంతెన ఎక్కింది. ఆసుపత్రి కిందికి దిగిపోయి, వెనక్కి జరిగి, పొగలో మాసిపోయింది. ఆమె అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉంది. తర్వాత ముందుకు తిరిగింది. పిడి మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.  ఇప్పటిదాకా అన్నీ అడిగిన మనిషి ఏమీ అడగకపోవడం క్రాంతి చెవుల్లో హోరుమంది.

భికాజీ కామా దాటింది. మోతీబాగ్. ఇంకా ఇరవై ఆరు నిమిషాలు అంది ఫోను. "భయ్యా, సైడ్ మే లగా దో," అన్నాడు క్రాంతి. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. డ్రైవరు ఒక ప్రభుత్వ క్వార్టర్ల గోడ పక్కన బండి ఆపి, ఇంజను ఆపి, దిగి, నాలుగడుగులు అవతలికి పోయి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, మనం ఆసుపత్రికి వెళ్లడం లేదు."

"మరేడికి?"

"ఎయిర్‌పోర్టుకి."

"గిప్పుడే గదా దిగిన."

"అది వేరే. ఇది పాలం. నాలుగుంబావుకు హైదరాబాద్ విమానం ఉంది. మీకూ నాకూ టిక్కెట్లు తీశారు. వాణ్ని కూడా... అదే విమానంలో."

ఇలా చెబితే చాలుననుకున్నాడు. ఇంత చెప్పాక మిగతాది ఆమే అందుకుంటుందని, గుమ్మం దగ్గర చెప్పులు చూసి అర్థం చేసుకునేవాళ్లలాగా తనంతట తానే కూలబడుతుందని, ఆ వాక్యం తాను పలకనక్కర లేకుండానే అయిపోతుందని అనుకున్నాడు. అలా కాలేదు. ఎయిమ్స్ దగ్గర ఆరిపోయిన ముఖం ఇప్పుడు మెల్లగా వెలిగింది. రెండు రోజులుగా బిగబట్టినదంతా సడలి, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి సంతోషపు నీళ్లు.

"తోలుతున్నరా? మనతోని తోలుతున్నరా వాణ్ని? అంటే మిషిన్ తీసేసిండ్రన్నట్టు! అయ్యో, గంత మంచి మాట పొద్దటిసంది కడుపుల పెట్టుకున్నవేంది బిడ్డా? హైదరాబాద్‌ల నిమ్స్‌ల చేర్పిద్దాం. నాకు ఎరుకైన నర్సమ్మలున్నరు. కూసోగలుగుతడా, పండుకోబెట్టి తీస్కపోవాల్నా?"

ఇదిగో, దీన్ని తాను చేశాడు. పది నిమిషాలని, ఇంకో ఎనిమిదని, ఇంకో ఆరని, గుమ్మంలో ఒక తల్లిని నిలబెట్టాడు. నిద్రపోతున్నాడన్న మాట మొన్నటి నుంచి ఆమెలో పెరిగి పెరిగి లేచి కూర్చుంది, విమానం ఎక్కబోతోంది, నిమ్స్‌లో చేరబోతోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అది నడుస్తుంది. ఆమె సంచిలోంచి ఫోను తీసి, తమ్ముడికి చెప్పడానికి, మంచి కబురు చెప్పడానికి, అంకెల మీద వేలు పెట్టింది. క్రాంతి ఆ ఫోను మీద అరచెయ్యి కప్పాడు. ఆమె తలెత్తింది. అతను ఆమె కళ్లలోకి చూశాడు. అంత సిగ్గరి, ఎవరి కళ్లలోకీ అలా చూడని మనిషి, చూశాడు.

"పోయాడు పెద్దమ్మా. మొన్ననే పోయాడు. నేను మీతో అబద్ధం చెప్పాను. షటిల్ ఆడుతూ పడిపోయాడు. నాటకమనుకుని నవ్వాను. పరుగెత్తలేదు. నవ్వాను."

రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. ఆమె పెదవులు సగం నవ్వు మీదే ఆగిపోయాయి. ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. ఆమె అతని అరచేతి కింద నుంచి ఫోను లాక్కోలేదు, చెయ్యి తోసెయ్యలేదు. తలుపు తడితే లోపల్నుంచి అడిగే గొంతుతో, తెలియనివాళ్లను అడిగే గొంతుతో, అడిగింది.

"ఎవరు?"

క్రాంతికి మామా అన్న పిలుపు నాలుక దాకా వచ్చింది. అది ఆమెకు పనికిరాదు. వాడు, మీవాడు, అబ్బాయి, అవేవీ పనికిరావు. ఆమె ఎదురుచూస్తున్నది. లోకంలో ఉన్న కొడుకులందరిలో ఎవరు పోయారో చెప్పమని, ఇంకొక తల్లి పిల్లవాడి పేరు వస్తుందేమోనని, కళ్లు పెద్దవి చేసి అతని నోటి వైపే చూస్తున్నది. ఆమె పెట్టిన పేరు. ఆమె ముందు పలికితే లోకం పలికిన పేరు. క్రాంతి రెండు చేతులతో ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు, ఊపిరి నిండా తీసుకున్నాడు, ఐదేళ్లలో ఒక్కసారైనా పైకి అననిది, మొదటిసారి, అన్నాడు.

"దశరథ్."